రెండుసార్లు తీసిన మొదటి ఎపిసోడ్

పెద్దాయన చూశాడు. పెదవి విరిచాడు. మళ్లీ తీయమన్నాడు. చేతిలో ఉన్నది మూడు వారాలు, చాలీచాలని డబ్బు, కొలిమిలాంటి ఓ పాత స్టూడియో! బ్రిటిష్ టీవీలో దశాబ్దాలపాటు నడిచిన సైన్స్ ఫిక్షన్ సీరియల్ 'డాక్టర్ హూ' అలా మొదలైంది. ఆ తొలి ఎపిసోడ్‌కి దర్శకుడు లక్నోలో పుట్టిన ఇరవై నాలుగేళ్ల కుర్రాడు.

లండన్, 1963. కెన్సింగ్టన్‌లోని ఓ చైనీస్ రెస్టారెంట్. బల్ల దగ్గర ముగ్గురున్నారు. ఒకరు బీబీసీ టీవీ డ్రామా విభాగాధిపతి సిడ్నీ న్యూమన్. మిగతా ఇద్దరూ ఆయన కింద పనిచేసే నిర్మాత వెరిటీ లాంబర్ట్, దర్శకుడు వారిస్ హుస్సేన్. ఆమెకి 27, అతనికి 24. వాళ్లు తీసిన మొదటి ఎపిసోడ్‌ని ఆయన అప్పటికే చూసేశాడు. భోజనానికి ఎందుకు పిలిచాడో తెలీదు. మెచ్చుకోడానికా... మూటాముల్లె సర్దుకోమనడానికా?

న్యూమన్ నాన్చే రకం కాదు. నిజానికి మీ ఇద్దర్నీ ఉద్యోగంలోంచి తీసెయ్యాలి అన్నాడు. ఆ వెంటనే మరో మాట కూడా అన్నాడు. తీసెయ్యను, మళ్లీ తీసుకురండి అని!

డబ్బు మీదా స్టూడియో సమయం మీదా పెన్నీ పెన్నీ లెక్క చూసే సంస్థలో 'మళ్లీ తీయండి' అనడం చిన్న విషయం కాదు. తీసింది బాలేకపోతే పక్కన పడేయడమో, ఉన్నదాన్నే ప్రసారం చేసి చేతులు దులుపుకోవడమో జరగాలి. ఆ రాత్రి న్యూమన్ మొదటిమాట దగ్గరే ఆగిపోయి ఉంటే అక్కడితో కథ ముగిసేది.

శనివారం సాయంత్రం ఖాళీ

ఇంతకీ ఆ ఎపిసోడ్ ఎందుకు పుట్టింది? అంతరిక్షం మీద మోజుతో కాదు. టైంటేబుల్లో ఓ కన్నం పడింది, దాన్ని పూడ్చాలి... అంతే!

శనివారం మధ్యాహ్నం బీబీసీలో 'గ్రాండ్‌స్టాండ్' అనే క్రీడా కార్యక్రమం వచ్చేది. ఇంటిల్లిపాదిలో మగవాళ్లు దానికి అతుక్కుపోయేవారు. ఆ తరవాత కుర్రకారు కోసం 'జ్యూక్‌బాక్స్ జ్యూరీ' అనే పాటల కార్యక్రమం. రెంటికీ మధ్య పిల్లల కోసం వేసే కార్యక్రమం దగ్గర పెద్దలు లేచి వెళ్లిపోయేవారు. వెళ్లినవాళ్లు మళ్లీ రారుగా. అటు తాతా ఇటు మనవడూ ఇద్దరూ కూర్చుని చూసేదేదైనా కావాలి. కెనడా నుంచి వచ్చి, పోటీ ఛానల్ ఏబీసీలో పేరు తెచ్చుకుని, అప్పుడే బీబీసీలో చేరిన న్యూమన్‌కి సైన్స్ ఫిక్షన్ అంటే చిన్నప్పటినుంచీ ఇష్టం. కాలంలో ప్రయాణించే ఓ ముసలాయన, బయటినుంచి చూస్తే చిన్నది లోపలికెళితే పెద్దదీ అయిన ఓ వాహనం... ఇలా ముక్కలు ముక్కలుగా ఆలోచనలు వచ్చాయి. డొనాల్డ్ విల్సన్, సి.ఇ.వెబర్ వంటివాళ్లు వాటికో రూపమిచ్చారు. న్యూమన్ మాత్రం ఓ షరతు పెట్టాడు. గుడ్లు మిటకరించే రాక్షసులు వద్దు! పిల్లలకు చరిత్రా సైన్సూ తెలియాలి. అందుకే కథలోని టీచర్లలో ఒకరు చరిత్ర చెబుతారు, ఇంకొకరు సైన్సు.

నిర్మాతగా ఎవర్ని పెట్టాలి? బీబీసీలో తలపండినవాళ్లు చాలామందే ఉన్నారు. న్యూమన్ వాళ్లనొదిలి తన పాత ఆఫీసులో ప్రొడక్షన్ అసిస్టెంట్‌గా పనిచేసిన వెరిటీ లాంబర్ట్‌కి ఫోన్ చేశాడు. ఆమె ధైర్యం ఏపాటిదో ఆయనకి తెలుసు. 1958లో ఏబీసీలో 'అండర్‌గ్రౌండ్' అనే నాటకం ప్రత్యక్ష ప్రసారం అవుతుండగా గారెత్ జోన్స్ అనే నటుడు రెండు సీన్ల మధ్యలో కుప్పకూలి చనిపోయాడు. ఆ విషయం ప్రేక్షకులకు తెలీదు. నాటకం ఆగడానికి వీల్లేదు. దర్శకుడు టెడ్ కాచెఫ్ కిందికి పరుగెత్తి మిగతా నటులకు డైలాగులు మార్చి చెబుతుంటే, పైన గదిలో కెమెరాలను నడిపించింది లాంబర్టే. అప్పటికామెకు 23 ఏళ్లు.

1963 వేసవిలో ఆమె బీబీసీలో అడుగుపెట్టేసరికి డ్రామా విభాగంలో మరో మహిళా నిర్మాత లేదు. ఇక ఆమె పక్కన దర్శకుడి కుర్చీలో కూర్చున్నదెవరు? లక్నోలో పుట్టి, ఏడెనిమిదేళ్ల వయసులో ఇంగ్లండ్ వెళ్లి, కేంబ్రిడ్జిలో చదివి, 1960లో బీబీసీలో శిక్షణకు చేరిన వారిస్ హుస్సేన్. తల్లి అతియా హుస్సేన్ పేరున్న రచయిత్రి. బీబీసీ తూర్పు దేశాల విభాగంలోనూ పనిచేశారు. టీవీ డ్రామా దర్శకుల్లో భారతీయ మూలాలున్నవాళ్లు మచ్చుకైనా కనిపించని రోజులవి. ఓ అమ్మాయి, ఓ ఇండియన్, వాళ్లను నమ్ముకున్న ఓ కెనడా మనిషి... టై కట్టుకుని కారిడార్లలో తిరిగే పాతకాపులకు ఈ ముగ్గురూ ఎలా కనిపించి ఉంటారో ఊహించుకోవచ్చు. ఆ చూపులు తమకు బాగానే తెలిసేవని తరవాతి కాలంలో హుస్సేన్ ఇంటర్వ్యూల్లో చెప్పాడు.

అతనికీ మొదట్లో ఈ పని మీద పెద్ద మోజేమీ లేదు. మొదటి ఎపిసోడ్ సరే... తరవాతి మూడూ ఆదిమానవుల కథ. తోళ్లు కట్టుకున్నవాళ్లు నిప్పు కోసం కొట్టుకుంటుంటే తాను కెమెరా పెట్టాలి. కేంబ్రిడ్జి చదువు చదివింది ఇందుకా అనిపించిందట.

సార్జెంటు డాక్టరైన వైనం

మొదటి ఎపిసోడ్ పేరు 'యాన్ అనర్త్‌లీ చైల్డ్'. కథ రాసింది ఆస్ట్రేలియాకు చెందిన ఆంథనీ కోబర్న్. ఓ స్కూల్లో సూజన్ అనే పదిహేనేళ్ల పిల్ల. కొన్ని విషయాల్లో మాస్టార్లకే పాఠం చెప్పేంత తెలివి, కొన్ని విషయాల్లో ఏమీ తెలీని అమాయకత్వం. అనుమానం వచ్చి ఇద్దరు టీచర్లు ఓ రాత్రి ఆమె వెనకే వెళతారు. ఇంటి అడ్రసున్న చోట పాత సామాన్ల యార్డు తప్ప ఏమీ ఉండదు. అందులో ఓ పోలీస్ బాక్స్, దాని దగ్గరికి వచ్చిన ఓ చిరాకు ముసలాయన. తోసుకుని లోపలికెళితే... ధగధగలాడే విశాలమైన గది! తమ గుట్టు బయట పడుతుందన్న భయంతో ముసలాయన మీట నొక్కేస్తాడు. లండన్ మాయమవుతుంది. అంతే కథ.

ఇందులో తమాషా అయిన ముక్క ఒకటుంది. పౌనుకి ఎన్ని షిల్లింగులో సూజన్‌కి తెలీదు. మనదేశంలో దశాంశ పద్ధతి అనుకున్నానంటుంది, క్లాసంతా నవ్వుతుంది. అప్పటికి ఇంగ్లండ్‌లో పౌనుకి ఇరవై షిల్లింగులు, షిల్లింగుకి పన్నెండు పెన్నీలు. ఆ దేశం దశాంశ పద్ధతిలోకి మారింది 1971 ఫిబ్రవరి 15న. సీరియల్ వచ్చిన ఏడేళ్లకు పైగా!

ముసలాయన పాత్రకు విలియం హార్ట్‌నెల్‌ని అనుకున్నారు. 55 ఏళ్ల హార్ట్‌నెల్‌కి అప్పటికి ఒకటే ముద్ర. గొంతు చించుకుని సిపాయిల్ని తిట్టే సార్జెంటు! 'క్యారీ ఆన్ సార్జెంట్', 'ది ఆర్మీ గేమ్'... అన్నిట్లోనూ ఆ వేషమే. అయితే 'దిస్ స్పోర్టింగ్ లైఫ్' సినిమాలో ఆయన వేసిన చితికిపోయిన ముసలివాడి పాత్ర లాంబర్ట్ కంటపడింది. కరుకుదనం కింద మెత్తదనం పట్టుకోగలడని ఆమెకు నమ్మకం కుదిరింది. పిల్లల సీరియలంటే ఆయన వెనకాడాడు. లాంబర్ట్, హుస్సేన్ కలిసి భోజనానికి పిలిచి మరీ ఒప్పించారు. సార్జెంటు వేషాలతో విసిగిపోయినవాడు కదా... ఒప్పుకున్నాక మాత్రం ప్రాణం పెట్టేశాడు. వాహనం నడిపే బల్ల మీద ఏ మీట దేనికో తనకు తానే నిర్ణయించుకుని, ప్రతివారం తప్పకుండా అదే మీట నొక్కేవాడు. పిల్లలు గమనిస్తారు, తప్పు చేస్తే పట్టేస్తారు అనేవాడట. డైలాగులు మాత్రం అప్పుడప్పుడూ తడబడేవాడు, అది వేరే సంగతి.

సూజన్‌గా కరోల్ ఆన్ ఫోర్డ్, టీచర్లుగా విలియం రసెల్, జాక్వలిన్ హిల్. పదిహేనేళ్ల పిల్లగా వేసిన ఫోర్డ్ అసలు వయసు 23!

పోలీస్ బాక్స్ ఆలోచన కోబర్న్‌దే. సెల్‌ఫోన్లు, వాకీటాకీలు లేని రోజుల్లో బ్రిటన్ వీధుల్లో నీలంరంగు గూళ్లు నిలబెట్టేవారు. లోపల పోలీస్ స్టేషన్‌కి నేరుగా కలిసే ఫోనుంటుంది. పైన దీపం వెలిగిందంటే బీటు కానిస్టేబుల్ వెళ్లి మాట్లాడాలని అర్థం. ఆఫీసు దగ్గర నడుస్తూ దాన్ని చూసిన కోబర్న్‌కి ఐడియా వచ్చింది. అసలు కథ ప్రకారం ఆ వాహనం 'టార్డిస్' ఏ కాలానికి వెళితే ఆ కాలానికి తగ్గ రూపం మార్చుకోవాలి. కానీ వారం వారం కొత్త రూపం తయారుచేయాలంటే డబ్బులేవీ? అందుకే అందులో ఏదో చెడిపోయి ఆ రూపంలోనే ఇరుక్కుపోయిందన్నారు. పేదరికంలోంచి పుట్టిన ఆ చిట్కా ఎంత గట్టిదంటే... అసలు పోలీస్ బాక్సులు వీధుల్లోంచి దాదాపు మాయమైపోయాక, ఆ బొమ్మ మీద ట్రేడ్‌మార్కు ఎవరిదని బీబీసీకీ లండన్ పోలీసులకీ పేచీ వచ్చింది. 2002లో తీర్పు బీబీసీ వైపు వచ్చింది!

తాళంచెవి, పాత పియానో

కెమెరా ఇంకా తిరగకముందే, ఈ ఎపిసోడ్‌కి ప్రాణం పోసే పని లండన్‌లోనే మైదా వేల్ అనే చోట జరిగిపోయింది. అక్కడుండేది బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్. పేరు పెద్దది, సామాగ్రి చిన్నది. పాత టేపు రికార్డర్లు, ప్రయోగశాలల్లో వాడే ఆసిలేటర్లు, కత్తెర... సింథసైజరన్నది లేదు.

రాన్ గ్రైనర్ అనే ఆస్ట్రేలియా సంగీతకారుడు టైటిల్ ట్యూన్ రాశాడు. దాన్ని శబ్దంగా మార్చే పని డీలియా డెర్బీషైర్‌ది. కవెంట్రీ అమ్మాయి. కేంబ్రిడ్జిలో గణితం, సంగీతం చదివింది. డెక్కా కంపెనీకి ఉద్యోగం కోసం వెళితే, రికార్డింగ్ స్టూడియోల్లో ఆడవాళ్లని పెట్టుకోం అని పంపేశారు. అలా బీబీసీకి వచ్చింది.

ఆమె చేసిన పని వింటే ఒళ్లు జలదరిస్తుంది. ట్యూన్‌లోని ప్రతి స్వరాన్నీ విడివిడిగా పుట్టించాలి. 'డుండుండుం...' అని మోగే ఆ అడుగు శబ్దానికి ఆధారం మీటిన ఒక్క తీగ. దాన్ని టేపు మీదకి ఎక్కించి, టేపు వేగం మార్చి ఎక్కువ తక్కువ శ్రుతులు తీసింది. పైన సాగే ఈల లాంటి రాగం ఆసిలేటర్లది. ఒక్కో స్వరం ఎంతసేపు మోగాలో లెక్కకట్టి, టేపుని అంగుళాల్లో కొలిచి, కోసి, ఒకదానికొకటి అతికించింది. అడుగు శబ్దానికో టేపు, రాగానికో టేపు. అన్నిట్నీ కలిపే మల్టీట్రాక్ యంత్రం లేదు కనుక వేరువేరు యంత్రాల మీద పెట్టి ఒకేసారి మీటలు నొక్కాలి. ఎక్కడో లయ తప్పింది. ఎక్కడ? ఆమె సహాయకుడు డిక్ మిల్స్ తరవాత చెప్పినదాని ప్రకారం, టేపులన్నిట్నీ పొడవాటి కారిడార్‌లో బారుగా పరిచి, పక్కపక్కన పెట్టి అతుకులు పోల్చుకుంటూ నడిచారు. ఒక టేపులో అతుకు మిగతావాటికన్నా తేడాగా వచ్చింది. దొంగ దొరికాడు!

పూర్తయ్యాక విన్న గ్రైనర్ నోరు తెరిచాడు. ఇది నేను రాసిందేనా అన్నాడట. చాలావరకు మీదే అందిట డీలియా. ఆమె పేరు కూడా సంగీతకర్తగా వేయాలని గ్రైనర్ పట్టుబట్టాడు. వర్క్‌షాప్ ఉద్యోగుల పేర్లు వేసే ఆనవాయితీ లేదని బీబీసీ వేయలేదు. సీరియల్ తెరమీద ఆ ట్యూన్‌కి ఆమె పేరు కనిపించింది 2013లో, యాభై ఏళ్ల ప్రత్యేక ఎపిసోడ్‌లో. డీలియా చనిపోయింది 2001లో.

ఇక టార్డిస్ కదిలేటప్పుడు వచ్చే ఆ రొద, బరబరా గీకినట్టూ విశ్వమంతా మూలిగినట్టూ ఉంటుంది కదా... అది బ్రయన్ హాడ్జ్‌సన్ సృష్టి. పాడైన పియానో మందపాటి తీగ మీద తాళంచెవితో గీశాడు. ఆ తాళంచెవి వాళ్లమ్మగారి ఇంటి వీధి తలుపుది! ఆ గీతని టేపుల మీద ముందుకీ వెనక్కీ తిప్పి, ప్రతిధ్వని కలిపి, కాలాన్ని చీల్చే శబ్దం చేశాడు.

టైటిల్స్ వెనక మెలికలు తిరిగే పొగలాంటి వెలుగు సంగతి మరీ విచిత్రం. కెమెరాని తీసుకెళ్లి అది చూపిస్తున్న టీవీ తెర వైపే తిప్పితే ఏమవుతుంది? రెండు అద్దాల్ని ఎదురెదురుగా పెట్టినట్టు బొమ్మలో బొమ్మ, బొమ్మలో బొమ్మ... చివరికి బొమ్మ కరిగి వెలుగు సుళ్లు తిరుగుతుంది. సాంకేతిక నిపుణుడు నార్మన్ టేలర్ ప్రయోగాలు చేస్తుండగా పట్టుకున్న ఆ చిత్రాన్ని, గ్రాఫిక్ డిజైనర్ బెర్నార్డ్ లాడ్జ్ టైటిల్స్‌కి తగ్గట్టు మలిచాడు.

స్టూడియో డి

1963 సెప్టెంబర్ 27, శుక్రవారం. చోటు: షెపర్డ్స్ బుష్‌లోని లైమ్ గ్రోవ్, స్టూడియో డి. అది అసలు పాత సినిమా స్టూడియో. 1949లో బీబీసీ కొనుక్కుంది. ఇరుకు. ఉక్క. దీపాల వేడి మరీ ఎక్కువైతే అగ్నిప్రమాదం జరిగిందనుకుని పైకప్పులోని నీళ్ల గొట్టాలు వాటంతటవే వాన కురిపించేవని లాంబర్ట్ చెప్పేవారు. అక్కడే స్కూలు, యార్డు, అంతరిక్షనౌక అన్నీ పట్టాలి.

ఈ రోజుల్లోలాగా ఒక్కో షాటూ తీసి తరవాత కలుపుకోవడం కుదరదు. రికార్డింగంటే దాదాపు నాటకమే! వారమంతా రిహార్సల్, శుక్రవారం రాత్రి మొదట్నుంచీ చివరిదాకా వరసగా నటించేయడం. నాలుగు మూలలా సెట్లు, మధ్యలో దొర్లే బరువైన కెమెరాలు. ఓ సీన్ అవుతూనే నటులు గబగబా పక్క సెట్లోకి పరుగు. ఎడిటింగంటే రెండంగుళాల వెడల్పున్న వీడియో టేపుని బ్లేడుతో కోసి అతకడం. కోసిన టేపు మళ్లీ వాడ్డానికి పనికిరాదు. టేపేమో ఖరీదు. కనుక ఆగకూడదు, తప్పకూడదు.

ఆ రోజు అన్నీ తప్పాయి. టార్డిస్ తలుపులు మూసుకోలేదు. వాటిని తెరవెనకనుంచి మనుషులే కదిలించాలి. మూస్తే మళ్లీ తెరుచుకోవడం, దబ్బున కొట్టుకోవడం... కాలంలో ప్రయాణించే మహానౌక తలుపు, పాతింటి కిటికీ రెక్కలా కొట్టుకుంటుంటే ప్రేక్షకుడు ఏమనుకోవాలి? కెమెరాలు వేటికో తగిలాయి. నౌక లోపలి సీన్‌ని ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఇవన్నీ చేతితప్పులు. న్యూమన్‌ని అంతకన్నా ఇబ్బందిపెట్టింది డాక్టర్. ఆ కాపీలో హార్ట్‌నెల్ కోపిష్టి, కటువు, భయపెట్టే మనిషి. శనివారం సాయంత్రం ఏ పిల్లాడూ అలాంటి తాతతో ప్రయాణం చేయడానికి ఇష్టపడడు. పైగా అప్పటికాలపు మామూలు కోటూ టై వేసుకుని పక్కింటి గుమస్తాలా ఉన్నాడు. సూజన్ ఏమో మరీ వింత. 49వ శతాబ్దంలో పుట్టానంటుంది. ఒంటరిగా ఉన్నప్పుడు కాగితం మీద సిరా మరక వేసి, మడిచి, ఏదో బొమ్మ గీస్తుంది. చూసేవాడికి తల అడ్డంగా ఊపడం తప్ప ఏమీ అర్థం కాదు.

మూడు వారాల్లో...

చైనీస్ రెస్టారెంట్ నుంచి బయటపడ్డాక లాంబర్ట్, హుస్సేన్ చేతుల్లో న్యూమన్ చెప్పిన మార్పులున్నాయి. కథ మార్చలేదు. సెట్లు దాదాపు అవే. నటులు వాళ్లే. మరేం మార్చారు?

సిరా మరక తీసేశారు. దాని బదులు సూజన్ చేతిలో ఫ్రెంచి విప్లవం గురించిన పుస్తకం పెట్టారు. టీచరిచ్చిన పుస్తకమది. తిరగేస్తూ ఓ పేజీ దగ్గర ఆగి, అబ్బే ఇలా జరగలేదే అన్నట్టు తనలో తాను అనుకుంటుంది. అంతే! ఈ పిల్ల అక్కడ ఉండి చూసిందన్నమాట. ఒక్క వాక్యంతో ప్రేక్షకుడి వీపు మీద చల్లగాలి తగులుతుంది. రెండు కాపీలూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకి, మొత్తం ఎపిసోడ్‌లో అన్నిటికన్నా మంచి మార్పు ఇదేననిపిస్తుంది. దీనికి పైసా ఖర్చు కాలేదు.

49వ శతాబ్దం కూడా పోయింది. వేరే కాలం, వేరే లోకం అని మాత్రమే చెప్పారు. అంకె ఉంటే అక్కడితో ఆగిపోతుంది. అంకె లేకపోతే ఎంత దూరమైనా వెళుతుంది. ఆ ఖాళీని నింపుకుంటూ తరవాత వచ్చిన రచయితలు దశాబ్దాలు బతికారు.

డాక్టర్‌కి ఎడ్వర్డ్ రాజు కాలంనాటి పాతకాలపు దుస్తులు తొడిగారు. ఏ కాలానికీ చెందని మనిషయ్యాడు. హార్ట్‌నెల్ గొంతు తగ్గించాడు. గద్దింపుల మధ్య చిలిపి నవ్వు కలిపాడు. టీచర్ల అయోమయం చూసి ముసిముసిగా నవ్వుకునే ఆ మనిషి మోసగాడో, మేధావో, పిచ్చివాడో ఎటూ తేలదు. కానీ చూస్తూ ఉండాలనిపిస్తుంది. సూజన్ మామూలు స్కూలు పిల్లలా మారింది. మామూలుగా ఉంది కనకే వింతగా ఉంది.

అక్టోబర్ 18న, మరో శుక్రవారం రాత్రి, అదే స్టూడియోలో రెండోసారి తీశారు. ఈసారి తలుపులు మూసుకున్నాయి!

గండం మాత్రం పూర్తిగా గడవలేదు. ఎపిసోడ్‌కి ఇచ్చింది దాదాపు 2,300 పౌన్లు. నౌక లోపలి గది ఒక్కటే లెక్కలన్నీ దాటేసింది. గుండ్రటి గూళ్లున్న గోడలు, మధ్యలో ఆరు పలకల కంట్రోల్ బల్ల, అందులో పైకీ కిందికీ ఆడే గాజు స్తంభం... డిజైనర్ పీటర్ బ్రహాకీ వేసిన ఆ ఒక్క సెట్టు తరతరాల డాక్టర్లకు నమూనా అయిందిగానీ, అప్పటికి మాత్రం అకౌంట్ల వాళ్లకి కంట్లో నలుసు. ఈ ఖర్చు భరించలేం, నాలుగు ఎపిసోడ్లతో సరిపెట్టండి అని కార్యక్రమాల అధిపతి డొనాల్డ్ బేవర్‌స్టాక్ నుంచి అక్టోబర్‌లో కబురొచ్చింది. బతిమాలుకుని, లెక్కలు మళ్లీ వేసి, చివరికి పదమూడింటికి ఒప్పించారు.

ఆ శనివారం

ప్రసారానికి ముహూర్తం 1963 నవంబర్ 23, శనివారం సాయంత్రం అయిదుంపావు. ముందురోజు సాయంత్రం లండన్‌లో ఏడు కావస్తుండగా అమెరికా నుంచి వార్త వచ్చింది. డాలస్‌లో అధ్యక్షుడు కెనెడీని కాల్చి చంపారు. తెల్లారి బ్రిటన్‌లో ఎవరి నోట విన్నా అదే మాట. ఎవరి మనసు పిల్లల సీరియల్ మీద ఉంటుంది? దానికితోడు కొన్ని ప్రాంతాల్లో కరెంటు పోయింది.

కెనెడీ వార్తల మూలంగా ఎపిసోడ్ పది నిమిషాలు ఆలస్యమైందని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. బీబీసీ రికార్డులు చూస్తే ఆలస్యం నిండా నిమిషంన్నర కూడా లేదు. ఎనభై సెకన్లు! గొప్ప సంఘటనల పక్కన నిలబడిన చిన్న విషయాలకు ఇలాంటి కథలు అంటుకుంటూనే ఉంటాయి.

చూసినవాళ్లు 44 లక్షల మంది. బాగోలేదని కాదుగానీ, బీబీసీ ఆశించినంత కాదు. ఇక్కడ న్యూమన్ బృందానికి మరో 'రెండోసారి' దొరికింది. తరవాతి శనివారం నవంబర్ 30న, రెండో ఎపిసోడ్‌కి ముందు మొదటిదాన్ని మళ్లీ వేశారు. ఈసారి 60 లక్షలు!

అక్కణ్నుంచి డిసెంబర్ 21న డాలెక్‌లు తెరమీదకొచ్చేదాకా నెల కూడా పట్టలేదు. రచయిత టెర్రీ నేషన్ ఊహకి బీబీసీ డిజైనర్ రేమండ్ క్యూసిక్ రూపమిచ్చిన ఆ లోహపు డబ్బాలు, న్యూమన్ వద్దన్న రాక్షసుల కోవలోవే. ఆయనకి కోపమొచ్చింది. లాంబర్ట్ ఎదురు నిలిచి వాదించింది. ప్రేక్షకుల సంఖ్య కోటి దాటేసరికి ఆయన నోరు మూతపడింది. తాను వద్దన్నదే సీరియల్‌ని నిలబెట్టిందని తరవాత న్యూమన్ స్వయంగా ఒప్పుకున్నాడు.

లాంబర్ట్ బ్రిటిష్ టీవీలో పేరుమోసిన నిర్మాతగా ఎదిగి 2007 నవంబర్ 22న కన్నుమూసింది. మర్నాడే ఆ తొలి ప్రసారానికి 44 ఏళ్లు. హుస్సేన్ 'ఎ ప్యాసేజ్ టు ఇండియా' టీవీ నాటకం తీశాడు, 'ఎడ్వర్డ్ అండ్ మిసెస్ సింప్సన్'కి బాఫ్టా అవార్డు అందుకున్నాడు. 2013లో ఈ సీరియల్ పుట్టుక మీద బీబీసీ 'యాన్ అడ్వెంచర్ ఇన్ స్పేస్ అండ్ టైమ్' తీసినప్పుడు అతని పాత్రను సచా ధావన్ పోషించాడు.

డబ్బాల్లో మిగిలినవి

అప్పట్లో బీబీసీ వీడియో టేపుల్ని చెరిపేసి మళ్లీ వాడుకునేది. విదేశాలకు అమ్మడానికి తీసిన ఫిల్ము కాపీలు కొన్ని మిగలబట్టి ఆ కాలపు ఎపిసోడ్లు కొన్నయినా బతికాయి. 1963 నవంబర్‌లో వేసిన మొదటి ఎపిసోడ్ అలాగే మిగిలింది. విచిత్రం ఏమిటంటే న్యూమన్ తోసిపుచ్చిన కాపీ కూడా గిడ్డంగిలో పదిలంగానే ఉంది! లైమ్ గ్రోవ్‌ని మూసేసిన సందర్భంగా 1991 ఆగస్టు 26న బీబీసీ దాన్ని మొదటిసారి ప్రసారం చేసింది. కొట్టుకునే తలుపులు, కోటూ టై వేసుకున్న డాక్టర్, సిరా మరక... అన్నీ జనం చూశారు. రెండేళ్లకు ఆ స్టూడియో భవనాన్ని పడగొట్టి ఇళ్లు కట్టారు.

అందరికీ తెలిసిన కాపీకి మరో చిక్కొచ్చింది. 2023లో అరవై ఏళ్ల పండగకి బీబీసీ తన ఐప్లేయర్‌లో 800కి పైగా ఎపిసోడ్లు పెట్టింది. అన్నిటికీ మూలమైన ఆ మొదటి కథ మాత్రం లేదు. రచయిత వారసుల దగ్గరున్న హక్కుల మీద ఒప్పందం కుదరలేదు.

ఆదిమానవుల కథ తరవాత హుస్సేన్ ఈ సీరియల్‌కి మరో కథ తీశాడు. 1964లో వచ్చిన 'మార్కో పోలో'. చైనా చక్రవర్తి కొలువు, ఎడారి బిడారులు, పట్టు దుస్తులు... ఏడు ఎపిసోడ్లు. ఒక్కటి తప్ప మిగతావన్నీ అతనివే. తోళ్లు కట్టుకున్న మనుషులకన్నా అతని మనసుకి దగ్గరైన కథ అది. అందులో ఒక్క ఎపిసోడ్ ఫిల్ము కూడా మిగల్లేదు. ఫొటోలున్నాయి. ఆ రోజుల్లో ఇళ్లలో టీవీ ముందు టేపురికార్డర్ పెట్టుకుని పిల్లలు పట్టిన శబ్దం ఉంది. ఏడు ఎపిసోడ్ల మాటలూ మొదట్నుంచీ చివరిదాకా వినిపిస్తాయి.